టైటిల్ బల్ల కింద కారు పంపు

మొన్నామధ్య మా అమ్మాయి కొత్తగా కొన్న కారులో నన్ను అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా తీసుకువెళుతూ, ఉన్నట్టుండి పెడళ్ల మీంచి కాళ్లు రెండూ వెనక్కి లాక్కుని పీట మీద కూర్చున్నంత హాయిగా కూర్చుంది. కారు మాత్రం అదే వేగంతో తన మానాన తాను పోతూనే ఉంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. దీన్ని క్రూయిజ్ కంట్రోల్ అంటారనీ, వేగం ఎంతో ఒకసారి చెప్పి వదిలేస్తే మిగతాది కారే చూసుకుంటుందనీ అమ్మాయి చెబుతుంటే, నేను అడిగిన మొదటి మాట దీని పంపు ఎక్కడుంటుందని. పంపేమిటమ్మా, ఇప్పుడంతా ఎలక్ట్రానిక్సే అని నవ్వేసింది. నేను నమ్మలేదు. ఇంటికి వచ్చాక బానెట్ ఎత్తించి, కళ్లజోడు పెట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని వెతికాను. నిజంగానే లేదు.

నన్నెరిగిన వాళ్లెవరూ దీనికి ఆశ్చర్యపోరు. పాలు పోయించుకునేటప్పుడు నేను గిన్నె వంక కాకుండా పాలవాడి ముఖం వంక చూస్తానని మా అత్తగారు చుట్టాలందరికీ చెప్పి నవ్వేవారు. ఎవరైనా ఏదైనా ఊరికే ఇచ్చారంటే చాలు, దాని వెనక ఏముందో తేలేదాకా నాకు అన్నం సహించదు. అలాంటి దాన్ని దేవుడు తీసుకువెళ్లి సినిమా మనుషుల మధ్య పడేశాడు. అక్కడ నమస్కారం పెట్టినవాడు ఎందుకు పెట్టాడా అని ఒక అనుమానం, పెట్టనివాడు ఎందుకు పెట్టలేదా అని ఇంకో అనుమానం. పుట్టింట్లో ఉన్నట్టే ఉండేది నాకు.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, సినిమా ఒక్కొక్క శాఖగా మద్రాసు వదిలి హైదరాబాదుకు తరలివస్తున్న కాలమది. మేమూ అలాగే ట్రంకు పెట్టెలతో, కెమెరా స్టాండుతో వచ్చి, మధురానగర్‌లో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాం. ఫిల్మ్ నగర్‌లో, అప్పటికింకా ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువగా ఉన్న ఒక వీధిలో, రేకుల షెడ్డు ఒకటి దొరికితే అందులో టైటిల్స్ తీసే పని పెట్టుకున్నాం. సినిమా మొదట్లో తెర మీద పేర్లు వస్తాయి చూడండి, ఆ పేర్లు రాసేదాన్ని నేను, కెమెరాతో తీసేవారు మావారు. గుంటూరు దగ్గర మా ఊరి చర్చి గోడల మీద వాక్యాలు రాసీ రాసీ నా చెయ్యి కుదురుకుంది. నల్లటి అట్టల మీద తెల్ల రంగుతో హీరో మొదలుకుని లైట్‌బాయ్ దాకా అందరి పేర్లూ రాసి, చివర్లో ‘టైటిల్స్’ అని ఉండే అట్ట మీద మావారి పేరు కూడా నేనే రాసేదాన్ని. ఆయన పేరు మాత్రమే. కాస్త వంకర పెడదామా అని చాలాసార్లు అనిపించింది గానీ పెట్టలేదు.

ఆ పనిలో మా ప్రాణం తీసింది ఒకటే, అట్ట నిలవకపోవడం. బల్ల మీద అట్ట పరిచి, పైనుంచి కెమెరా కిందికి చూసేలా బిగించి, రెండు పక్కలా లైట్లు వేస్తే, ఆ వేడికి అట్ట అంచులు కాలిన అప్పడంలా లేచేవి. లేవకుండా పైన గాజుపలక పెడితే అందులో లైటు మెరుపు కనబడేది, లేకపోతే ఎక్కడో ఒక వెంట్రుక. కంటికి కనబడనంత కొద్దిగా లేచినా, తెర మీదికి వచ్చేసరికి అక్షరం ఊపిరి పీల్చినట్టు కదిలేది. సినిమా వాళ్లకు పేరు చిన్నదైతే కోపం, ఆలస్యంగా వస్తే కోపం, కదిలితే మాత్రం భయం. తెర మీద పేరు కదిలితే మార్కెట్టు కదిలినట్టేనని వాళ్ల నమ్మకం.

ఇలా ఉండగా ఒకనాడు మా మరిది పాత తువ్వాలులో ఏదో చుట్టుకుని షెడ్డుకు వచ్చాడు. అతను జూబ్లీ హిల్స్‌లో ఒక పేరున్న నిర్మాతగారి దగ్గర పని చేసేవాడు. వాళ్ల కార్లు, డ్రైవర్లు, పెట్రోలు వ్యవహారమంతా అతని చేతిలోనే ఉండేది. ఆ బంగళా వెనక ఉన్న క్వార్టర్సులోనే అతనూ, నెలల బిడ్డతో మా తోడికోడలూ కాపురం. తువ్వాలు విప్పితే అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా, దానికి రెండు తీగలు, ఒక రబ్బరు గొట్టం. పాత బ్యాటరీకి తీగలు తగిలించి, గొట్టం కొసకు నా వేలు ఆనించమన్నాడు. బిడ్డ పాలపీకను పట్టినట్టు పట్టుకుంది నా వేలిని. విదేశీ కార్లలో వేగాన్ని పట్టి ఉంచడానికి ఇలాంటి పంపు ఉంటుందనీ, ఇది గాలిని పీల్చి ఆ బలంతో యాక్సిలరేటరు తీగను లాగి పట్టుకుంటుందనీ, మన గుంతల రోడ్ల మీద దీనికి పనే లేదనీ చెప్పుకొచ్చాడు.

ఎక్కడిదని అడిగాను. ఒకాయన ఊరికే ఇచ్చాడన్నాడు. అంతే, నా అన్నం పోయింది.

మావారికి ఇలాంటి బాధలు లేవు. ఆయన లోకంలో దొంగలు బైబిల్లో మాత్రమే ఉంటారు. ఆ వారమంతా కూర్చుని ఒక చెక్కపెట్టె చేయించి, దాని పైపలకకు నిండా సన్నటి రంధ్రాలు పొడిపించి, పెట్టె పక్కన ఈ గొట్టం బిగించారు. పంపు ఆడిస్తే పెట్టెలోని గాలి పోయి, రంధ్రాల మీద పరిచిన అట్ట పలకకు అతుక్కుపోయేది. గాజు లేదు, మెరుపు లేదు, వెంట్రుక లేదు. మొదటిసారి అట్ట అలా నిలిచినప్పుడు ఆయన చేసిన ప్రార్థన నాకింకా గుర్తుంది. నేను కళ్లు మూసుకున్నాను గానీ, ఈ పంపు ఎవరి కారులోంచి పోయిందో ఆ మనిషి ఎప్పుడు తలుపు కొడతాడా అని చెవులు మాత్రం తెరిచే ఉంచాను.

తలుపు కొట్టింది షెడ్డు ఓనరమ్మ. ఆవిడ నాకంటే రెండాకులు ఎక్కువే. లోపలికి వచ్చి నాలుగు మూలలూ చూసి, “ఏందమ్మా, గీ గుయ్‌మనుడు ఏంది? కరెంటు మీటర్ల ఏమన్న పెట్టిండ్రా?” అని అడిగింది. ఇది బ్యాటరీ మీద ఆడుతుందని చూపించినా ఆవిడ నమ్మలేదు. వెళ్లి మీటరు చూసుకుని వచ్చి, ఇంకోసారి పంపు చూసి వెళ్లిపోయింది. ఆవిడంటే నాకు అప్పటినుంచే గౌరవం.

పని బాగా సాగింది. మా షెడ్డులో తీసిన పేర్లు కదలవన్న మాట ఫిల్మ్ నగర్ అంతా పాకింది. ఆ మాట విని, జూబ్లీ హిల్స్ నిర్మాతగారు తమ కొత్త సినిమా టైటిల్స్ మాకే పంపించారు. సంతోషపడాల్సిన మా మరిది ఆ కబురు తానే తెచ్చి, నీళ్లగ్లాసు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయాడు. నేను అతన్ని షెడ్డు వెనక్కి తీసుకువెళ్లి, నిజం చెప్పేదాకా కదలనివ్వనన్నాను.

“వదినా, అది అయ్యగారి కారుదే. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, ఇల్లూ పోతుంది” అన్నాడు.

జరిగింది ఇదీ. నిర్మాతగారు గల్ఫ్ నుంచి వచ్చిన బంధువు దగ్గర ఒక పెద్ద విదేశీ కారు కొన్నారు. దాన్ని ఆయనే స్వయంగా నడుపుకునేవారు, డ్రైవరును ముట్టుకోనిచ్చేవారు కాదు. అది గడప తొక్కిన దగ్గర్నుంచీ తీసిన సినిమాలు పోయాయి, వాళ్ల నాన్నగారు మెట్ల మీద జారిపడ్డారు. సిద్ధాంతిగారు కారు వంక వేలు చూపించారు. ఆ కారు కాంపౌండులో ఉన్నంతకాలం కొత్త సినిమా కొనేది లేదని డిస్ట్రిబ్యూటర్లు తేల్చి చెప్పారు. అమ్మేసినా ఆ చుట్టుపక్కలే తిరుగుతూ కళ్లబడుతుంది గనక, ముక్కలు ముక్కలుగా విప్పించి, ఎర్రగడ్డ పాత సామాన్ల వాళ్లకు వేసెయ్యాలనీ, ఒక్క మేకు కూడా సినిమా వాళ్ల చేతికి పోకూడదనీ తీర్మానమైంది. ఆ పని అప్పగించింది మా మరిదికి. విప్పుతున్న మెకానిక్కు గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టి ఆటాడుతుంటే చూసి, అన్నయ్య అట్టల బాధ గుర్తుకు వచ్చి, ఇతను దీన్ని తువ్వాలులో చుట్టేశాడు. ఇప్పుడు ఆ ముక్క మీదే ఆ నిర్మాతగారి సినిమా పేర్లు తీయాలి.

పంపు తీసేద్దామంటే అట్టలు లేస్తాయి. పని వద్దంటే ఎందుకని అడుగుతారు. నోరు మూసుకుని ఆ పంపుతోనే పేర్లు తీయడమే మంచిదనుకున్నాం.

హీరోగారి పేరు తీసేటప్పుడు ఆయన మేనేజరు దగ్గరుండి చూడాలన్నది అప్పట్లో ఆనవాయితీ. అక్షరాల ఎత్తు స్కేలుతో కొలుచుకుని, పక్క హీరో సినిమాలో ఎంత పెట్టారో అడిగి మరీ ఒప్పుకునేవాడు ఆయన. అంత జాగ్రత్త ఉన్న మనిషి పొద్దున వస్తానని ఏనాడూ పొద్దున వచ్చింది లేదు. మేము మిగతా పేర్లన్నీ తీసేసి, లైట్లు అలాగే ఉంచి, పంపు అలాగే ఆడిస్తూ ఆయన కోసం కూర్చునేవాళ్లం. ఆ రోజు మరీ ఆలస్యం. మధ్యాహ్నం భోజనం చేసి, పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. హీరోగారి పేరు తీశాం, దండం పెట్టి వెళ్లాడు.

ప్రివ్యూ థియేటర్లో వేసి చూసినప్పుడు బ్యానరు పేరు నిలిచింది, హీరోయిను పేరు నిలిచింది, మేకప్ మనిషి పేరు సైతం రాయిలా నిలిచింది. హీరోగారి పేరు వణికింది. ఎక్కడో వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు లేచి నిలబడి, లైట్లు వేయమని, మావారి దగ్గరకు వచ్చి, “ఎవరు చెప్పారండీ మీకు ఇలా చెయ్యమని?” అన్నాడు.

అంతకు కొద్దిరోజుల ముందే మేము పోటీ హీరోగారి సినిమా టైటిల్స్ తీశాం. ఇక చెప్పాలా. అటువాళ్ల దగ్గర ఏదో పుచ్చుకుని మావారు ఈ పని చేశారన్న మాటను సాయంత్రానికల్లా ప్రతి ఆఫీసులోనూ కాఫీతో పాటు పంచారు. చేతిలో ఉన్న పనులను ఎవరి మనుషులు వాళ్లు వచ్చి పట్టుకుపోయారు. మావారు ఎవరితోనూ వాదించలేదు. ఆయన ఇంట్లో కూర్చుని తన చేతులు తాను చూసుకుంటూ ఉండేవారు. ఒక్కసారి కూడా చిల్లర లెక్క తప్పు చెప్పని మనిషిని దొంగను చేశారు.

నేను ఊరుకోలేదు. వరసపెట్టి అందరినీ అనుమానించాను. ల్యాబు వాళ్లు ఏదైనా చేశారా, పక్క వీధిలోని ఇంకో టైటిల్స్ ఆయన మా షెడ్డులోకి దూరాడా, ఓనరమ్మ మీటరు దగ్గర ఏమైనా తిప్పిందా, ఆఖరికి మా మరిదే భయపడి పంపు తీగలు వదులు చేశాడా అని కూడా అనుకున్నాను. అతన్ని పిలిచి నిలదీస్తే పాపం ఏడ్చినంత పని చేసి, మాటల్లో మాటగా ఒక ముక్క చెప్పాడు. కారులో ఈ పంపు నిరంతరం ఆడదట. కాసేపు పీలుస్తుంది, పట్టు దొరకగానే ఆగుతుంది, పట్టు సడలితేనే మళ్లీ మొదలుపెడుతుందట. నాకు ఆ రోజు మధ్యాహ్నం దాని గుయ్‌మనే మోత మేనేజరు వచ్చేసరికి సన్నబడి, మూలిగినట్టు అయిపోవడం గుర్తొచ్చింది. షెడ్డుకు వెళ్లి, పొద్దుటినుంచి దాన్ని ఆడిస్తూ ఒకే అట్ట ముందు కూర్చున్నాను. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కాక అట్ట అంచు మెల్లగా లేచింది. అంటే హీరోగారి పేరు వణికించినవాడు పోటీ హీరో కాదు, మావారూ కాదు. ఆలస్యంగా వచ్చిన మేనేజరే.

తెలిస్తే ఏం లాభం? మావారి మీద మచ్చ పోవాలంటే పంపు చూపించాలి. పంపు చూపిస్తే అది ఎక్కడిదని అడుగుతారు. ఒకరి పరువు నిలబెడితే ఇంకొకరి కాపురం కూలుతుంది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఏం చెయ్యాలో తోచక నేను అల్లాడుతుండగానే, నిర్మాతగారు స్వయంగా షెడ్డుకు వస్తున్నారని కబురు వచ్చింది.

ఆయన వెంట మేనేజరు వచ్చాడు. కారు తాళాలు చేతిలో పట్టుకుని మా మరిది గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. నేను పంపు ఆడించి, దాని తీరు చెప్పాను, వేడెక్కితే పట్టు వదులుతుందని చూపించాను. మేనేజరుకు అది నచ్చలేదు. ఇదంతా కట్టుకథ అని, అసలు ఈ మిషను ఎక్కడిదో ముందు చెప్పమన్నాడు. మేమిద్దరం తెలియకుండానే గుమ్మం వంక చూశాం, మమ్మల్ని చూసి మేనేజరూ చూశాడు.

“ఎర్రగడ్డలో, ఆదివారం సంతలో కొన్నానండీ” అన్నారు మావారు.

చర్చిలో ప్రార్థన చేయించే మనిషి. మా పెళ్లయ్యాక ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అదే. ఎంత చక్కగా చెప్పారంటే, తెలియకపోతే నేనే నమ్మేదాన్ని.

నిర్మాతగారు వంగి పంపు వంక చూశారు. చెవి దగ్గరగా పెట్టి విన్నారు. తర్వాత అట్ట తీసేయమని, తన అరచేతిని ఆ రంధ్రాల పలక మీద బోర్లించి పెట్టారు. పలక చేతిని పట్టుకుంది. ఆయన తీయలేదు, అలాగే ఉంచుకుని నిలబడ్డారు. అందరం గుమ్మం వంక చూశాం గానీ, ఆయన ఒక్కరే ఒక్కసారి కూడా అటు చూడలేదు. అదే నాకు అనుమానం కలిగించింది.

“మంచి బేరం” అన్నారు చివరికి, చెయ్యి తీసుకుంటూ. తర్వాత మేనేజరు వైపు తిరిగి, “రేపు పొద్దున్నే రావయ్యా. ముందు మీ వాళ్ల పేరే తీస్తారు” అన్నారు.

మర్నాడు మేనేజరు నిజంగానే పొద్దున వచ్చాడు. అప్పటికి నేను మా ఇంటి పాత ప్రెషర్ కుక్కరు తెచ్చి, పంపుకూ పెట్టెకూ మధ్య బిగించాను. అందులోని గాలి పీల్చేసి పెట్టుకుంటే, ఆ బలంతో అట్ట కాసేపు తనంతట తాను నిలుస్తుంది, పంపుకు విశ్రాంతి దొరుకుతుంది. హీరోగారి పేరు కొండలా నిలిచింది. నిర్మాతగారు ఈ షెడ్డు మీద తనకు ఏ అనుమానమూ లేదని నాలుగు చోట్ల చెప్పారట, పట్టుకుపోయిన పనులు ఒక్కొక్కటే తిరిగివచ్చాయి. మా ఇంట్లో మాత్రం చాలాకాలం పప్పు గిన్నెలోనే ఉడికింది.

ఆ సినిమా ఆడింది. ఆడిన కొన్నాళ్లకు మా మరిది మళ్లీ తువ్వాలుతో వచ్చాడు. ఈసారి అందులో కొబ్బరికాయంత గుండ్రటి నల్ల డబ్బా ఉంది, రబ్బరు గొట్టానికి సరిపోయే మూతితో. కారులో నా కుక్కరు చేసిన పని చేసే డబ్బా అది, గాలి బలాన్ని దాచిపెట్టేది. ఎక్కడిదని అడగబోయి, అతని ముఖం చూసి ఆగిపోయాను.

“అయ్యగారు బీరువాలోంచి తీసి ఇచ్చారు వదినా. దీని జత మీ అన్నయ్య దగ్గరుందిగా, ఇచ్చెయ్, మా ఇంట్లో మాత్రం చెప్పకు అన్నారు” అన్నాడు.

ఒక్క మేకు మిగలకూడదన్న మనిషి, ఇంటివాళ్లకూ సిద్ధాంతికీ డిస్ట్రిబ్యూటర్లకూ తెలియకుండా, ఇష్టంగా నడుపుకున్న కారులోంచి ఈ ఒక్క ముక్కను బట్టల వెనక దాచుకున్నాడు. షెడ్డులో ఆ మోత విన్న క్షణానే ఆయనకు అంతా తెలిసిపోయింది. తెలిసే మంచి బేరమన్నాడు. నేను ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, దీనికి బదులుగా ఆయన ఏమడుగుతాడో అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఉచితంగా టైటిల్స్ తీయమంటాడా, పోటీవాళ్ల సినిమాల కబుర్లు చెప్పమంటాడా, ఎవరి పేరైనా చిన్నది చేయమంటాడా. కంప్యూటర్లు వచ్చి మా షెడ్డు మూతపడేదాకా ఎదురుచూస్తూనే ఉన్నాను. ఏమీ అడగలేదు.

నిర్మాతగారు పోయినప్పుడు జూబ్లీ హిల్స్ ఇంటికి వెళ్లాను. ఆ పూలదండల మధ్య, ఆ జనంలో నేనెవరో ఎవరికీ తెలియదు. ఆయన భార్య నా చేతులు పట్టుకుని, మీకు ఎలా పరిచయమమ్మా అని అడిగారు. ఒకసారి మా షెడ్డుకు వచ్చారండీ అని మాత్రం చెప్పాను. అంతకు మించి చెప్పే హక్కు నాకు లేదు. ఆవిడ నా వంక కొంచెం అనుమానంగానే చూశారు. చూడనివ్వమనుకున్నాను.

ఇప్పుడు తెర మీద పేర్లు వణకవు. ఎగురుతాయి, తిరుగుతాయి, నిప్పులు కక్కుతాయి గానీ ఎవరి చెయ్యీ తగలదు గనక తప్పు రాదు. తప్పు రాదు గనక ఎవరినీ పట్టుకుని అడగాల్సిన పనీ లేదు. నాకు మాత్రం ఎవరినీ అనుమానించాల్సిన అవసరమే లేని ఈ కాలం ఒంటరిగా ఉంటుంది. అనుమానం తీర్చుకోవడానికైనా మనిషి మనిషి గుమ్మం దాకా వచ్చేవాడు. వచ్చి, నిజం తెలుసుకుని, తెలిసినా చెప్పకుండా వెళ్లిపోయిన మనిషిని నేను ఒక్కరినే చూశాను.